తోడేలు బాటలో ఎవరూ లేరు

లియోన్, ఏప్రిల్ 22

గిలేన్ అక్కకి,

ఫోనులో అయితే కాసేపటికి మనలో ఎవరో ఒకరం విసురుగా పెట్టేస్తాం. ఉత్తరం అలా కాదు. చివరి వాక్యం దాకా నన్ను భరించక నీకు తప్పదు. అందుకే మళ్ళీ కాగితం మీదికొచ్చాను.

దీంతోపాటు "పక్కదారి" పత్రిక తాజా సంచిక పంపుతున్నాను. పద్నాలుగో పేజీ తియ్యి. ఈ నెల మొదట్లో గ్రావెల్ సైకిలు మీద మన క్రూజ్ జిల్లా తిరిగాను. తారురోడ్డు మీద చక్రం పెట్టకూడదని పంతం. కంకరబాటలు, అడవిదారులు, పొలాల నడుమ బళ్ళదారులు వెతుక్కుంటూ, మోకాళ్ళు గీరుకుంటూ, వాగులో సైకిలు భుజానేసుకుంటూ వెళ్ళాను. చివరి రోజు మన తోడేలు బాటలో దిగాను. మనం బడికి వెళ్ళిన బాట! అటూ ఇటూ మనిషెత్తు మట్టికట్టలు, పైన హేజెల్ చెట్ల కొమ్మలు కలుసుకుని కప్పేసిన ఆకుపచ్చ చీకటి, ఏమీ మారలేదు. నన్ను ముందు నడిపించి వెనకనుంచి తోడేలులా ఊళ పెట్టేదానివి, గుర్తుందా? దానికి నిన్ను నేను ఇంకా క్షమించలేదు.

వ్యాసం బాగా వచ్చిందని అందరూ అంటున్నారు. ఎప్పుడూ నా వాక్యాలు సగానికి నరికే సంపాదకురాలు ఈసారి ఒక్క కామా ముట్టుకోలేదు. "మూడు గంటలు. ఒక్క మనిషి లేడు. ఒక్క అడుగుజాడ లేదు. పెడళ్ళకి తగిలేంత గడ్డి. లోకం మరిచిపోయిన దారి ఇది. మరిచిపోవడమే దీని అదృష్టం." ఈ ముక్క చదివి ఏడ్చానని ఒక పాఠకురాలు రాసింది.

నువ్వు పెదవి విరుస్తావని తెలుసు. కానీ అక్కా, ఇది సరదా కాదు, రాజకీయం. ప్రతి గుట్టకీ టికెట్టు పెట్టి అమ్మేవాళ్ళ మీద, లోకమంతా కిటికీ అవతలి మసకగా చూస్తూ దూసుకుపోయేవాళ్ళ మీద, ఎవరు ఎంత త్వరగా చేరితే అంత గొప్ప అని మనకి నేర్పినవాళ్ళ మీద చప్పుడు చెయ్యని తిరుగుబాటు ఇది. కంకర మీద మెల్లగా తొక్కేవాణ్ణి పెట్టుబడి వెంటాడలేదు. దాని టైర్లు అందుకు పనికిరావు.

ఇంకో మాట. బాట మధ్యలో గేటు బార్లా తీసి ఉంది. పల్లెలో పుట్టినవాణ్ణి కదా, ఊరుకోలేక దిగి మూసి, గొలుసు కూడా తగిలించాను. అదీ వ్యాసంలో రాశాను. పట్నంవాళ్ళకి ఇలాంటి మర్యాదలు ఎవరు నేర్పుతారు?

రైలుకి వేళ మించిపోవడంతో ఇంటికి రాలేకపోయాను. ఏమీ అనుకోకు.

నీ తిరుగుబోతు తమ్ముడు
ఎర్వే


మెర్లాక్, మే 2

ఒరేయ్ ఎర్వే,

నీ పత్రిక మొన్న చేరింది. ఊళ్ళో పోస్టాఫీసు మూసేశాక పోస్టామె సోమ, బుధ, శనివారాలే వస్తోంది కాబట్టి ఈ ఊరికి తిరుగుబాట్లు కూడా ఆ మూడు రోజుల్లోనే అందుతాయి.

ముందు గేటు సంగతి. దాన్ని తీసిపెట్టింది నేను. పొద్దున మందను వాగు పక్క గడ్డికి దింపి గేటు తీసి ఉంచుతాను. సాయంత్రం అవి వాటంతటవే ఇంటికొస్తాయి. ఏళ్ళ తరబడి జరుగుతున్న పని. ఆ రోజు వచ్చి చూస్తే గొలుసు. నిలబడి ఆలోచించడం గొర్రెలకి చేతకాదు కదా, కంచెలో సందు చూసుకుని మొస్యూ రివోలియే గోధుమలో దిగాయి. ఆయన ఎవరో నీకు తెలుసు, బాటకి రెండు పక్కలా భూములు కొనుక్కుంటూ వచ్చిన పెద్దమనిషి. మర్నాడు నా వాకిట్లో నిలబడి, "మదాం, మీ గొర్రెలకి చదువు రాదు సరే, మీకు వచ్చు కదా!" అన్నాడు.

ఆ గొలుసు నేనే వేసి మరిచిపోయాననుకున్నాను, తెలుసా? నాకు మతిమరుపు మొదలైందని బెంగపడి డాక్టరు దగ్గరికి బయల్దేరబోయి, ఊళ్ళో డాక్టరు లేడని గుర్తొచ్చి ఆగిపోయాను. ఇప్పుడు పద్నాలుగో పేజీలో నా జబ్బు పేరు దొరికింది.

ఇక "ఒక్క మనిషి లేడు" గురించి. గేటు దాటాక కుడిచేతి పొలంలో ఎర్ర ట్రాక్టరు ఉంది, చూశావా? చూశావు. చెయ్యెత్తి "బోంజూర్!" అని కేక కూడా పెట్టావు. దాని మీద నీలం పనిబట్టల్లో, టోపీ పెట్టుకుని కూర్చున్నది నేనేరా. ఇంజను ఆపి దిగేసరికి నీ వెనకచక్రం మలుపు తిరిగింది. చుట్టు తిరిగి ఇంటికే వస్తావనుకుని పరుగున వెళ్ళి కాఫీ పెట్టాను. రెండు కప్పులూ నేనే తాగాను.

అసలు విషయం ఇప్పుడు చెప్తున్నా, జాగ్రత్తగా చదువు. గోధుమ నష్టం చూపించి రివోలియే మేయరుకి అర్జీ పెట్టాడు. తోడేలు బాటను ఊరు తనకి అమ్మేస్తే కట్టలు చదును చేసి, రెండు పక్కల పొలాలూ కలిపేసుకుంటాడట. అదే జరిగితే నా మందను పెద్దరోడ్డు మీద తోలాలి. కలప లారీలు తిరిగే రోడ్డు అది. పోయిన శీతకాలం వాగు పొంగి బాట మునిగినప్పుడు గత్యంతరం లేక ఒక్కసారి అటు తీసుకెళ్ళాను. మూడు గొర్రెలూ, నా కుక్క టిటూసూ ఒక లారీ కింద పడ్డాయి. మళ్ళీ ఆ రోడ్డెక్కను. బాట పోతే మందను అమ్మేస్తాను, అంతే.

గొర్రెలు పిలుస్తున్నాయి.

గిలేన్
(ట్రాక్టరు మీది ఎవరూ కాని మనిషి)


లియోన్, మే 7

అక్కా,

నీ ఉత్తరం చదివి స్టాఫ్‌రూములో బల్ల మీద గుద్దాను. లెక్కల టీచరు కాఫీ ఒలికింది. ఆయన మితవాది కాబట్టి క్షమాపణ చెప్పలేదు.

నిన్ను గుర్తుపట్టకపోవడం గురించి: కళ్ళద్దాలు మంచుకి మసకబారాయి. పైగా ట్రాక్టరు, టోపీ, పనిబట్టలు... ఎవరో మగమనిషి అనుకున్నాను. నువ్వు ఇప్పుడేమంటావో తెలుసు. పిల్లలకి స్త్రీల ఉద్యమ చరిత్ర చెప్పేవాణ్ణి నేనే. గుర్తుచెయ్యక్కర్లేదు.

కానీ రివోలియే! చూశావా, నేను ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నది ఇదే. ఊరుమ్మడి భూమి మీద కలవాళ్ళ కన్ను పడటం నిన్నటి కథ కాదు. ముందు కంచె వేస్తారు, తర్వాత దున్నుతారు, ఆ తర్వాత పత్రాలు పుట్టిస్తారు. అందరిదీ అయినది ఎవరిదీ కాదని ప్రచారం చేసి, చివరికి తమది చేసుకుంటారు. దీనికి మేయరు వంత! నువ్వు ఊరి కౌన్సిల్లో ఉన్నావు కదా, ఏం చేస్తున్నావు? రివోలియే ఎదురుపడితే ఇంకా "బాగున్నారా మొస్యూ" అంటున్నావా? నీ మంచితనమే నీ శత్రువు. చిన్నప్పుడు తోడేలులా అరిచిన పిల్ల ఏమైంది?

నేను చేతులు కట్టుకుని కూర్చోలేదు. వెంటనే సంతకాల ఉద్యమం మొదలుపెట్టాను. "మనిషి అడుగు పడని బాటను కాపాడుకుందాం!" అని పేరు. స్కూల్లో, సైకిల్ క్లబ్బులో, పత్రిక పాఠకుల్లో కార్చిచ్చులా అంటుకుంది. వచ్చేవారం ఆ కట్ట మీ మేయరు బల్ల మీద పడుతుంది. అప్పుడు చూడు ఆయన మొహం.

ధైర్యంగా ఉండు. నీ వెనక లియోన్ నగరం ఉంది.

ఎర్వే


మెర్లాక్, మే 24

తమ్ముడూ,

లియోన్ నగరం నా వెనక ఉంటే ఉండనీ, నా మీద మాత్రం పడకుండా చూడు. కౌన్సిలు సమావేశం అయింది. ఎలా అయిందో చెప్తాను, నిలబడి చదువుతుంటే కూర్చో.

చట్టం ఏమంటుందో నీకు తెలుసు. ఊరిబాటను జనం వాడుతున్నంతకాలం అమ్మడానికి లేదు. జనం వాడటం మానేశారని తేలితేనే అమ్మొచ్చు. కాబట్టి తేల్చాల్సింది ఒక్కటే: తోడేలు బాటలో ఎవరైనా తిరుగుతున్నారా, లేదా?

నేను నోరు తెరవబోయాను. మేయరు పూజోల్ చెయ్యి అడ్డం పెట్టాడు. "గిలేన్, నువ్వు రోజూ ఆ బాట వాడతావు. అంటే నీకిందులో సొంత లాభం ఉంది. చర్చ అయ్యేదాకా బయట కూర్చో." రూలు అంతేనట. బాట ఎవరూ వాడటం లేదని తేల్చడం కోసం, బాట వాడేదాన్ని బయటికి పంపించారు.

వరండాలో కోట్లు తగిలించే కొయ్యల కింద కూర్చున్నాను. ఆ తలుపు మన చిన్నప్పటినుంచీ సరిగ్గా పడదు. అన్నీ వినిపించాయి.

ముందు ముసలి మార్సెల్ నా తరఫున అడిగాడు. "అదేంటయ్యా, గిలేన్ పొద్దున్నే గొర్రెల్ని తోలుకెళ్తోంది కదా?"

"గొర్రెలు జనం కిందికి రావు మార్సెల్."

"మనకి ఓటేసినవాళ్ళకంటే బుద్ధిగా నడుస్తాయే!"

అందరూ నవ్వారు. తర్వాత రివోలియేని లోపలికి పిలిచారు. ఆయన సంచిలోంచి ఏం తీశాడో ఊహించు. "పక్కదారి". పద్నాలుగో పేజీ. కళ్ళద్దాలు తుడుచుకుని, నీ కామాల దగ్గర ఆగుతూ, చక్కగా చదివాడు. నువ్వు కూడా అంత బాగా చదవలేవు. "ఒక్క మనిషి లేడు. ఒక్క అడుగుజాడ లేదు..." చదివి అన్నాడు: "ఇవి నా మాటలు కావండోయ్. ఈ ఊరి బిడ్డ మాటలు. పైగా ఎర్రజెండా పట్టే మనిషి. నాలాంటివాణ్ణి చూస్తే ఒళ్ళు మండేవాడు. నా మేలు కోరి రాశాడని ఎవరైనా అనగలరా?"

ఎవరూ అనలేకపోయారు. నాకైతే అనాలనిపించింది, కానీ నేను కోట్ల కింద ఉన్నాను.

అప్పుడు నీ సంతకాల కట్ట తీశారు. మేయరు పేజీలు తిప్పి, "ఇందులో మెర్లాక్ మొహం చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. గుమాస్తా అమ్మాయి పైనున్న పేరు చదివింది: "మనిషి అడుగు పడని బాటను కాపాడుకుందాం." మేయరు కట్ట మూసేసి, "సరిపోయింది. మనమూ అదే అంటున్నాం కదా" అన్నాడు.

అమ్మకానికి ముందు జరగాల్సిన బహిరంగ విచారణకి ఒప్పేసుకున్నారు. బయటినుంచి విచారణాధికారిగా ఒకామె వస్తుంది. ఆమె వద్దంటే తప్ప బాట పోయినట్టే. గొర్రెలు కొనే దళారి మొన్న ఊరికే పలకరించడానికి వచ్చానన్నాడు. ఆ మనిషి ఎప్పుడూ ఊరికే రాడు.

దయచేసి ఇంక నా కోసం ఏమీ చెయ్యకు.

గిలేన్


లియోన్, మే 29

అక్కా,

"ఇంక ఏమీ చెయ్యకు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. నిన్ను కాపాడబోయినవాడి మీద కోపం, నిన్ను వరండాలోకి తోసినవాళ్ళ మీద జాలి! నేనైతే కుర్చీ వదిలేవాణ్ణి కాదు. పోలీసులొచ్చి కుర్చీతో సహా మోసుకెళ్ళాల్సిందే.

వ్యాసం గురించి ఒకటి స్పష్టం చెయ్యాలి. "ఒక్క మనిషి లేడు" అన్నది వాంగ్మూలం కాదు, సాహిత్యం. అది అనుభూతి. ఆ బాటలో దిగినప్పుడు నా గుండెలో ఎవరూ లేరు, ఆ ఖాళీని రాశాను. దాన్ని ఒక భూస్వామి సాక్ష్యంగా చదివితే తప్పు భూస్వామిదా, వాక్యానిదా? రేపు ఎవరైనా "ఆకాశం ఏడ్చింది" అని రాస్తే వాతావరణ శాఖ వచ్చి కేసు పెడుతుందా?

మీ మేయరుకి పన్నెండు పేజీల జవాబు రాశాను. 1789 విప్లవం నుంచి మొదలుపెట్టాను. రైతులకి ఊరుమ్మడి బాటల మీద హక్కు ఎలా వచ్చింది, ఎవరి నెత్తురు కారింది, అన్నీ పెట్టాను. ఏడో పేజీ నాకే వణుకు పుట్టించింది.

వ్యాసాన్ని మాత్రం వెనక్కి తీసుకోను. తీసుకుంటే రేపటినుంచి నేను రాసే ప్రతి మాటనూ పట్టుకుని ఇదీ అబద్ధమేనా అంటారు. అది కాకుండా నీకేం కావాలో సూటిగా చెప్పు. చుట్టూ తిప్పకుండా చెప్పు.

ఎర్వే


మెర్లాక్, జూన్ 9

ఎర్వే,

సూటిగా అడిగావు కాబట్టి సూటిగా చెప్తున్నాను.

మదాం తెసియే అని, రిటైరైన సర్వేయరమ్మ, విచారణాధికారిగా వస్తోంది. ఈ శనివారం, పద్నాలుగో తేదీ, పొద్దున పదింటికి బాట మొత్తం తన కాళ్ళతో నడిచి చూస్తుందట. నేను రోజూలాగే మందను దింపుతాను, ఒక్క అడుగు ఎక్కువా తక్కువా వెయ్యను. నువ్వు ఒంటరిగా రా. సైకిలు లేకపోయినా ఫరవాలేదు. ఆమె ముందు నిలబడి ఒక్క వాక్యం చెప్పు: "ఏప్రిల్‌లో ఇక్కడ మా అక్క పనిచేస్తోంది, నేను రాయలేదు." అంతే. 1789 అక్కర్లేదు. క్లబ్బును మాత్రం వెంటేసుకుని రాకు. వస్తే రివోలియే, "చూశారా, బస్సుల్లో దింపారు" అంటాడు.

ఇక నీ అనుభూతి గురించి. నీకు కోపం వస్తుంది, రానీ.

ఈ ఊరి నిశ్శబ్దం ఆకాశంలోంచి రాలిపడింది కాదురా. ఒక్కో ముక్కగా తయారుచేశారు. పిల్లలు చాలరని బడి మూశారు. బడి లేదని పిల్లలున్నవాళ్ళు పోయారు. ఎక్కేవాళ్ళు లేరని రైలు ఆగడం మానేసింది. తర్వాత పోస్టాఫీసు, రొట్టెల కొట్టు, డాక్టరు. ప్రతిసారీ ఎవరో ఒకాయన టై కట్టుకుని వచ్చి, "ఇక్కడ ఎవరూ లేరు కదండీ" అన్నాడు. ఆయన అలా అంటున్నప్పుడు మేం ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాం. ఇప్పుడు నువ్వు టై లేకుండా వచ్చి అదే మాట అన్నావు. నీది చదవడానికి బాగుంది, అంతే తేడా.

నువ్వు బీదవాళ్ళ పక్షమని నాకు అనుమానం లేదు. వాళ్ళు టోపీ తీసి, మొహం కడుక్కుని, ఫలానా అని పరిచయం చేసుకుంటేనే నీకు కనిపిస్తారు. అదొక్కటే ఇబ్బంది.

శనివారం కాఫీ పెడతాను.

గిలేన్


లియోన్, జూన్ 10

అక్కా!

మీ మేయరు కార్యాలయం నోటీసులో చూశాను, శనివారం పదింటికి అధికారి నడకట. ఇంకేం కావాలి! జనం వాడటం లేదంటారా? వాడి చూపిస్తాం!

క్లబ్బు మొత్తం కదిలింది. యాభైమంది దాకా ఉన్నాం, గ్రావెల్ సైకిళ్ళు, గంటలు, పసుపు చొక్కాలు, "బాట ప్రజలది" అని గుడ్డ బ్యానరు. గురువారమే బయల్దేరి గుడారాలేసుకుంటూ వస్తున్నాం. సరిగ్గా పదింటికి వాగువైపు నుంచి పైకెక్కుతాం. ఆ అధికారికి బాటలో కాలు పెట్టే చోటు దొరకదు!

నువ్వు కంగారుపడకు. ఇంట్లోనే ఉండు. గొర్రెలు బెదురుతాయి కాబట్టి ఆ పూటకి మందను కొట్టంలోనే ఉంచు. చూశావా, నీ గురించీ ఆలోచించాను.

ఎర్వే


మెర్లాక్, జూన్ 21

ఒరేయ్,

నీ పదో తేదీ ఉత్తరం శనివారం మధ్యాహ్నం పోస్టామె తెచ్చింది, అంతా అయిపోయాక. నా తొమ్మిదో తేదీది శుక్రవారం నీ తలుపు కింద పడి ఉంటుంది. నువ్వు అప్పటికి ఎక్కడో గుడారంలో ఉన్నావు. "ఒంటరిగా రా, క్లబ్బు వద్దు" అని నేను. "యాభైమందిమి వస్తున్నాం, మంద వద్దు" అని నువ్వు. పోస్టాఫీసు ఎందుకు మూయకూడదో ఈసారి ఎవరైనా అడిగితే ఈ కథ చెప్తాను.

నువ్వు నడుములోతు ఉన్నిలో ఇరుక్కుని ఉన్నావు కాబట్టి నీకు సగమే తెలుసు. మిగతాది నేను చెప్తాను.

మదాం తెసియే ఊరివైపు నుంచి దిగింది. పొట్టిగా, గట్టిగా, చేతికర్రతో ఉంది. నేను ఆమె వెనక మందతో ఉన్నాను. కింద నుంచి గంటలు వినిపించాయి. గొర్రెలకి గంట వినిపిస్తే మేత అని అర్థం. ఉరికాయి. అటు మట్టికట్ట, ఇటు మట్టికట్ట, మధ్యలో ఆవిడ, కింద నుంచి పసుపు చొక్కాలు, పైనుంచి నా మంద. ఇక ఎవరికీ ముందుకీ దారి లేదు, వెనక్కీ లేదు. నీ బ్యానరులో "ప్రజలది" అన్న ముక్కను ఒక ముసలి గొర్రె తినేసింది. "బాట" మాత్రం మిగిలింది.

ఆమె నిన్ను అడిగిన మాట నాదాకా వినిపించింది. "మీరేనా పద్నాలుగో పేజీ?"

నువ్వు 1789 నుంచి మొదలుపెట్టావు.

"అది తర్వాత. ఏప్రిల్‌లో ఇక్కడ ఎవరినైనా చూశారా, లేదా?"

"ఒక ట్రాక్టరుకి బోంజూర్ చెప్పాను మదాం."

"ట్రాక్టరు బదులు పలికిందా?"

"దాని మీద... మా అక్క ఉంది."

"మీ అక్కను మనుషుల్లో లెక్కెయ్యరా?"

నీ క్లబ్బువాళ్ళే పగలబడి నవ్వారు. నువ్వు పుట్టినప్పటినుంచీ నీకు మాట దొరకని సందర్భం అదొక్కటే. నాకు జాలేసింది. కొంచెమే.

కానీ బాటను నిలబెట్టింది ఆ మాట కాదు, నీ యాభైమందీ కాదు. నేను భయపడినట్టే ఆమె నీవాళ్ళను చూసి, "వీళ్ళు ఇవాళ్టి అతిథులు, వీళ్ళను రాయను" అంది. ఇంతలో కింద మలుపు దగ్గర కారు హారను మోగింది. ఆపకుండా మోగింది. రివోలియే! మీ వెనకే వచ్చి ఇరుక్కున్నాడు. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు: "తప్పుకోండయ్యా! ఇదేం గోల? రోజూ ఈ వేళకి నేను ఇటే పైకెళ్తాను!"

అందరూ అటు తిరిగారు. గొర్రెలు కూడా.

మదాం తెసియే మెల్లగా అంది. "రోజూనా మొస్యూ?"

నువ్వు మెచ్చుకున్న ఆ పొడుగు గడ్డికి రెండు పక్కలా చక్రాల జాడలు ఉన్నాయి చూశావా? అవి ఆయనవే. ఆమె వంగి కర్రతో కొలిచింది, కారు టైరు వంక చూసింది, రాసుకుంది. ఎవరూ తిరగని బాటను కొనాలని వచ్చినవాడు, తాను తిరగడం తిరగడం కిందికి రాదనుకున్నాడు. ఈ విషయంలో ఆయనా నువ్వూ ఒకటే. కోపం తెచ్చుకోకు.

జాతర చెదిరేసరికి మధ్యాహ్నమైంది. నీవాళ్ళంతా నా వాకిట్లో చేరి ఇంట్లో ఉన్న కాఫీ, రొట్టె, జున్ను అన్నీ ఖాళీ చేశారు. మంచిపిల్లలు, కప్పులు కడిగిపెట్టారు. తాగనివాడివి నువ్వొక్కడివే. టైరు పంక్చరు, ఆపైన రైలు అన్నారు. మంద అవతలినుంచి నావైపు చెయ్యెత్తావు. ఈసారి బోంజూర్ అనలేదు. అంతవరకు మెరుగు.

గిలేన్


లియోన్, సెప్టెంబర్ 12

అక్కా,

గెలిచాం! అమ్మకం వద్దని అధికారి రాసిందని, ఎన్నికలు దగ్గరపడటంతో మేయరు ఫైలు మూసేశాడని మార్సెల్ చెప్పాడు. ప్రజలు కదిలితే ఏమవుతుందో చరిత్ర మళ్ళీ చూపించింది. నీ రివోలియే విశ్లేషణను నేను ఒప్పుకోను, కానీ గెలిచిన రోజు వాదించను.

అయితే ఒక బాధ. ఆగస్టులో ఒంటరిగా అటు వచ్చాను. తోడేలు బాటలో నాకు ఎదురైనవాళ్ళను చూస్తే లియోన్ వంతెన మీద ఉన్నట్టుంది! సైకిళ్ళ బారులు, తోపుడు బండిలో పసిబిడ్డ, ఫోనులో దారి చూపే మగగొంతు. గడ్డి మొత్తం అరిగిపోయింది. అమ్మేద్దామన్న మేయరే "ప్రశాంత గ్రామీణ మార్గం, మెర్లాక్ గర్వకారణం" అని బోర్డు పాతాడు! అది చదవడానికి వరసలో నిలబడాల్సొచ్చింది. నిశ్శబ్దాన్ని కాపాడబోయి మనమే చంపేశాం. నేను వేరే దారి చూసుకున్నాను. ఎక్కడో చెప్పను. నీక్కూడా.

నీ గుమ్మం దాకా వచ్చాను. వాకిలి నిండా జనం, నువ్వు నవ్వుతూ ఎవరికో కాఫీ పోస్తున్నావు. పనిలో ఉన్నావని వెనక్కి తిరిగాను.

కొత్త వ్యాసం పంపుతున్నాను, తొమ్మిదో పేజీ. నీ మాట మనసులో పెట్టుకుని ఈసారి మనుషుల్ని రాశాను. "బాట మలుపులో ఒక ముసలి గొర్రెల కాపరి ఎదురైంది. ఏమీ మాట్లాడలేదు. ఆమె కళ్ళలో శతాబ్దాల మౌనం." సంపాదకురాలికి ఇదే అన్నిటికంటే నచ్చింది.

ఎర్వే


మెర్లాక్, సెప్టెంబర్ 20

తమ్ముడూ,

తొమ్మిదో పేజీ చదివాను. ఆ ముసలి కాపరికి వచ్చే నెల యాభై ఏడు నిండుతాయి. శతాబ్దాల మౌనం అన్నావు. అధికారి నడిచిన రోజు పొద్దున్నుంచి గొంతు బొంగురుపోయేలా గొర్రెల మీదా నీ మీదా అరుస్తూనే ఉన్నాను. మార్సెల్ భార్య అవతలి వీధిలోంచి విని ఎవరో పోయారనుకుంది. నీకు మాత్రం మౌనం వినిపించింది. పోనీలే. పోయినసారి ఎవరూ లేరు, ఈసారి ముసలిదైనా ఉంది. ఇలా నాలుగైదు వ్యాసాలయ్యేసరికి నా పేరు కూడా వస్తుంది.

జనం వచ్చారని ఏడుస్తున్నావు. నిజమే, గొర్రెలకి చిరాకుగా ఉంది, నాకూ ఉంది. మొన్నొకడు మందకి అడ్డంగా నిలబడి, "వీటిని వేరే టైములో తీసుకెళ్ళకూడదా?" అన్నాడు. ఏమన్నానో రాయను, ఈ ఉత్తరం పోస్టామె చేతిలోంచి వెళ్ళాలి. కానీ జనం తిరిగినన్నాళ్ళూ ఆ బాటను ఎవరూ దున్నలేరు. గొర్రెల దళారి నా వాకిట్లోకి రావడం మానేశాడు. వానలు మొదలైతే నీ పసుపు చొక్కాలు ఇళ్ళకి పోతాయి, నీ నిశ్శబ్దం నీకు తిరిగొస్తుంది. శీతకాలం గొర్రెలు ఈనే వేళ అది ఇక్కడ కావలసినంత ఉంటుంది. అప్పుడు తిరుగుబాటు చెయ్యాలనిపిస్తే వచ్చి పిల్లల్ని పట్టుకో, రెండు చేతులు చాలటం లేదు.

నీ కొత్త దారి ఎక్కడో అడగను. ఒక్కటే చెప్తున్నా: అక్కడ ఎవరూ లేరని రాసేముందు, ట్రాక్టరు కనిపిస్తే ఆపించు. దిగి మొహం చూడు. ఎవరి అక్కో అయి ఉంటుంది.

ఆగస్టులో గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయినవాడు నువ్వేనా! పసుపు చొక్కా వెనకనుంచి చూసి, ఎవరో సిగ్గుపడుతున్నాడని "లోపలికి రండి మొస్యూ" అని కేకేశాను. నేను కూడా నిన్ను గుర్తుపట్టలేదు. కాబట్టి చెల్లుకి చెల్లు, ఇంక ఆ ట్రాక్టరు సంగతి ఎత్తను. అంటే, చాలాసార్లు ఎత్తను.

వచ్చే ఆదివారం రా. పక్కూరి స్టేషన్లో సాయంత్రం దాకా రైలు లేదని నేనే కనుక్కున్నాను, ఆ సాకు పనికిరాదు. వాగువైపు నుంచి వస్తే గేటు బార్లా తీసి ఉంటుంది.

మూయకు.

గిలేన్